నా జవాబులు నాకివ్వకండి

మార్చి 3

పాత రికార్డుల విభాగం పెద్దలకు,

బజారు వీధిలో తాళాలు బాగుచేసే కొట్టు పక్కన ఉండే దర్జీ నమస్కరించి రాయునది.

అయ్యా, మీరు నన్ను మర్చిపోయి ఉంటారు. నేను మిమ్మల్ని మర్చిపోలేదు. ఇరవై రెండేళ్ళ కింద మన పెద్ద పాలకుడి మీద ఊళ్ళో గోడలన్నిటి మీదా ఒక బొమ్మ వెలిసింది. ఆయన వేదికెక్కి చెయ్యెత్తి ప్రసంగిస్తుంటాడు, ప్యాంటు మాత్రం మోకాళ్ళ దాకా జారిపోయి ఉంటుంది. గీసిందెవరో అంతుపట్టలేదు. మీ అధికారి ఒకాయన భూతద్దం పెట్టి చూసి, "మొహం ఎవడైనా గీస్తాడయ్యా. ఈ ప్యాంటు చూడు. నడుం పట్టీ లోపల రెండు వరసల కుట్టు, దొంగజేబు, ఏటవాలు కాజా. ఇది కుట్టడం తెలిసినవాడి పని" అన్నాడట. ఊరు మొత్తం మీద ఏటవాలు కాజా వేసేది నేనొక్కణ్ణే. మంగళవారం పొద్దున్నే వచ్చి పట్టుకుపోయారు. శుక్రవారం వదిలారు. అదే శుక్రవారం సాయంత్రం మా బావని పట్టుకుపోయారు.

బొమ్మ గీసింది బావే. బళ్ళో డ్రాయింగు మాస్టారు. నా కొట్టులో తగిలించిన ప్యాంటు చూసి గీశాడు. పద్నాలుగు నెలలు లోపలుంచారు, ఉద్యోగం పోయింది. ఇప్పుడు షాపులకి బోర్డులు రాసుకుంటున్నాడు. పేరు చెప్పింది నేనేనని ఆయనా, మా అక్కా ఇరవై రెండేళ్ళుగా నాతో మాట్లాడరు. నేను చెప్పలేదు మొర్రో అంటే వినరు.

పాత విచారణ రికార్డులు అడిగినవాళ్ళకి చూపిస్తారని పోయిన నెల పేపర్లో వేశారు. అక్క ఆ ముక్క కత్తిరించి నాకు పోస్టులో పంపింది. పక్కన ఒకే వాక్యం: "చెప్పలేదంటావుగా, ఆ కాగితం చూపించు, తలుపు తీస్తాను."

కాబట్టి నా విచారణ కాగితాలు ఇప్పించగలరు. నా చేతికి ఇవ్వొద్దు, నేనే దిద్దానంటారు. నేరుగా మా అక్క చిరునామాకే పంపండి. కింద రాశాను.

ఇట్లు,
తమ విధేయుడు,
దర్జీ

తా.క.: దేశ భద్రత లాంటి అడ్డంకులు ఏమైనా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. నేను అర్థం చేసుకునే మనిషిని.

*

మార్చి 11

దర్జీ గారికి,

తమ దరఖాస్తు అందినది. తాము కోరిన రికార్డు దేశ భద్రతకు సంబంధించినది గనుక ఇచ్చుటకు వీలుపడదు. అటువంటి రికార్డు అసలు ఉన్నదని గాని, లేదని గాని చెప్పుటకు కూడా వీలులేదు. తమ దరఖాస్తులో వర్ణించిన ప్యాంటు సైతం గోప్యమైన విషయమే. ఇకమీదట దానిని వర్ణించరాదు.

ఆనాడు తాము చెప్పిన జవాబులు తమకు ఇంకను జ్ఞాపకం ఉన్నట్లయితే, అవి ప్రభుత్వ రహస్యములని, వాటిని తాము అనుమతి లేకుండా తమ వద్ద ఉంచుకున్నట్లు భావించవలసి వస్తుందని తెలియజేయడమైనది.

ఇట్లు,
సూపరింటెండెంట్,
పాత రికార్డుల విభాగం

తా.క.: ఏటవాలు కాజా అంటే ఏమిటో ఈ కార్యాలయంలో ఎవరికీ తెలియలేదు. ఇది రికార్డు కోసం కాదు, ఊరికే అడుగుతున్నాను.

*

మార్చి 15

సూపరింటెండెంటు గారికి వేవేల నమస్కారాలు.

అయ్యా, మీ ఉత్తరం చూసి నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. ఎంత చక్కగా కాదన్నారు! అంత గట్టిగా కాదన్న మనిషిని నా జన్మలో చూడలేదు. మిషను ఆపి మూడుసార్లు చదువుకున్నాను. సైకిలెక్కి తిన్నగా మా అక్క ఇంటికి పోయాను.

అక్క తలుపు తియ్యలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి కాగితం తీసుకుంది. చదివి, "ముద్ర వంకరగా ఉంది. నువ్వే ఎవడి చేతో కొట్టించుకొచ్చావు" అంది. "అయ్యో అక్కా, ప్రభుత్వం ఇవ్వనంటే నేనేం చెయ్యను? కాగితం బయటికొస్తే నా నిర్దోషిత్వం పగలు సూర్యుడిలా బయటపడును కదా!" అన్నాను. లోపల్నుంచి బావ దగ్గు వినిపించింది. నేనొచ్చానని తెలిసినప్పుడే ఆయనకా దగ్గు వస్తుంది.

కాబట్టి తమరు దయచేసి ఇంకొక్కసారి కాదనాలి. ఈసారి పెద్ద కాగితం మీద, రెండు ముద్రలతో. "ఎన్నటికీ ఇవ్వబడదు" అన్న మాట ఉంటే మరీ మంచిది. వీలైతే "పాపం ఆ దర్జీ కాళ్ళావేళ్ళా పడ్డాడు" అని చివర్లో ఒక ముక్క వెయ్యండి. దాన్ని అద్దం కట్టించి అక్కకి బహుమతిగా ఇస్తాను.

ఇట్లు,
మీరు చేసిన మేలు మరవని
దర్జీ

తా.క.: కాజా అంటే గుండీ దూరే కంత. మామూలుగా అడ్డంగా ఉంటుంది. నేను కొంచెం వాలుగా వేస్తాను, పొట్టున్నవాళ్ళకి గుండీ ఊడకుండా. పాలకుడికి మంచి పొట్ట. ఇది వర్ణన కిందికి వస్తే కొట్టేసుకోండి.

*

మార్చి 24

దర్జీ గారికి,

తమ ఉత్తరం చదివి సిగ్గుతో తలదించుకున్నాను.

"ఎంత చక్కగా కాదన్నారు" అన్న మాట నాకు చెప్పుతో కొట్టినట్టు తగిలింది. ఇరవై రెండేళ్ళు సొంత తోబుట్టువు గడప తొక్కలేని మనిషి, నా కాదనడాన్ని అద్దం కట్టిస్తానని రాస్తే, అందులోని బాధ అర్థం కానంత మొద్దునా నేను? గుమాస్తా భాష పక్కన పెట్టి మనిషిగా రాస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా ఈ కార్యాలయంలో నా పని కాగితాల మీద నల్ల సిరా పూయడం. బయటికి పోకూడదన్న వాక్యం మీద కుంచెతో ఒక గీత. అన్ని గీతల్లో నిజంగా దేశానికి రహస్యం అనదగ్గది నా కుంచె కింద రెండుసార్లు పడి ఉంటుందేమో. మిగతావన్నీ ఎవరో ఒకరు సిగ్గుపడవలసిన సంగతులు. ఒకచోట ఇంటి నంబరు తప్పు రాసుకుని వేరేవాణ్ణి పట్టుకొచ్చారు, నలుపు. ఒకచోట సాక్షి కంటే అధికారి ఎక్కువ ఏడ్చాడు, నలుపు. వాటన్నిటికీ దేశ భద్రత అని పేరు పెట్టాను. మా ఆవిడ నేనేదో గొప్ప రహస్యాల కాపలాదారునని చుట్టాలకి చెప్పుకుంటుంది, నేను కాదనలేదు.

మీ ఫైలు నేనింకా తెరవలేదు. కానీ మీ నిర్దోషిత్వం బయటపడాలి. మీ తరఫున పై కమిటీకి నేనే అప్పీలు రాశాను. ధైర్యంగా ఉండండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
సూపరింటెండెంట్

తా.క.: నాకూ పొట్ట ఉంది. గుండీ ఊడుతూ ఉంటుంది.

*

మార్చి 27

సూపరింటెండెంటు గారికి,

అయ్యా బాబూ, అప్పీలా? మిమ్మల్నెవరు రాయమన్నారు? గుండెల్లో రాయి పడింది. కత్తిరిస్తున్న కోటు చెయ్యి రెండు వేళ్ళు పొట్టి చేశాను, ఆ పెద్దమనిషి నా మీద విరుచుకుపడుతున్నాడు.

దేశం కంటే నేనెక్కువా చెప్పండి? ఒక దర్జీ నిర్దోషిత్వం కోసం దేశ భద్రతను పణంగా పెడతారా? ఆ కాగితాలు శత్రువుల చేతిలో పడితే? మన పాలకుల నడుం కొలతలు వాళ్ళకి తెలిసిపోతే? అంతెందుకు, నా కాజా రహస్యమే చాలు. రేపు సరిహద్దుకి అవతల అందరూ ఏటవాలు కాజాలు కుట్టుకుంటే అప్పుడెవరు బాధ్యులు?

మా అక్క ఇరవై రెండేళ్ళు మాట్లాడలేదు, ఇంకో ఇరవై రెండేళ్ళు మాట్లాడకపోతే ఏమైంది? నాకలవాటే. అప్పీలు వెనక్కి తీసుకోండి. ఫైలు కట్టేసి అటక మీద పారేయండి. ఎలుకలు కొడితే కొట్టనివ్వండి. పుణ్యముంటుంది.

ఇట్లు,
దేశభక్తుడు,
దర్జీ

తా.క.: మీ చొక్కా పంపండి. కాజాలు నేను సరిచేస్తాను. అప్పీలు మాత్రం వద్దు.

*

ఏప్రిల్ 6

దర్జీ గారికి,

మీ ఉత్తరం చూడగానే విషయం నాకర్థమైంది. మిమ్మల్నెవరో బెదిరించారు. పోయిన నెల మొదట్లో చేతులెత్తి అడిగిన మనిషి, నెలాఖరుకి "ఎలుకలు కొట్టనివ్వండి" అని రాశాడంటే వెనకాల ఎవరో నిలబడి రాయించినట్టే. దేశభక్తుడు అని సంతకం పెట్టడం చూసి కళ్ళు చెమర్చాయి. భయపడ్డవాళ్ళే అలా పెడతారు, నా అనుభవం.

ఆ ఉత్తరాన్ని కమిటీ ముందు నేనే చదివి వినిపించాను. "ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఒక పౌరుడు ఇంతలా వణుకుతున్నాడు, ఇది మనకి సిగ్గుచేటు" అన్నాను. ముగ్గురు సభ్యులూ ఇవ్వడానికే ఒప్పుకున్నారు. రాష్ట్రాలు కూలే సంగతులేవైనా ఉంటే వాటిపై నలుపు పూసి, మిగతాది మీరు మొదట కోరినట్టే మీ అక్కగారి చిరునామాకి పన్నెండో తేదీన రిజిస్టరు పోస్టులో పంపుతాం.

మీరు గెలిచారు.

ఇట్లు,
సూపరింటెండెంట్

తా.క.: చొక్కా పంపిస్తున్నాను. ఇది లంచం కాదని కమిటీకి కూడా చెప్పాను.

*

ఏప్రిల్ 9

అయ్యా,

నమస్కారాలూ అవీ తర్వాత. దయచేసి ఆ కవరు ఆపండి.

నన్నెవరూ బెదిరించలేదు. బావ పేరు చెప్పింది నేనే. ఇరవై రెండేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడక్కూడా. ఇవాళ మీకు రాస్తుంటే అక్షరాలు ఎలా పోతున్నాయో చూడండి.

మీరు ఇవ్వరన్న ధైర్యంతోనే అడిగాను. అక్క సవాలు చేసింది గనక అడగాలి, ప్రభుత్వం రహస్యం అంటుంది గనక రాదు. నేను అడిగినట్టూ ఉంటుంది, నిజం బయటపడనట్టూ ఉంటుంది. ఇంత తెలివి ఉపయోగించి బతుకుతున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

కానీ ఒక్కమాట. ఊరికే చెప్పలేదు. మూడు రోజులు నిలబెట్టారు. కునుకు తియ్యనివ్వలేదు, మంచినీళ్ళివ్వలేదు. మూడో రోజు సాయంత్రానికి ఇంక నావల్ల కాక నోరు జారాను. మీరే నా స్థానంలో ఉంటే ఏం చేసేవారు?

ఇట్లు,
సిగ్గుతో చచ్చిపోతున్న
దర్జీ

తా.క.: మీ చొక్కా అందింది. కాజాలు కాదు లోపం, గుండీలే చిన్నవి. మార్చి పంపుతున్నాను. కవరు ఆపండి.

*

ఏప్రిల్ 14

దర్జీ గారికి,

మీ ఉత్తరం నా బల్ల మీదికి నిన్న వచ్చింది. కవరు మొన్న పోయింది. పోస్టాఫీసు దాకా పరిగెత్తాను కూడా, నా వయసుకి అది చూడదగ్గ దృశ్యం కాదు.

మీరు రాసింది చదివాక మీ మీద కోపం రాలేదు, నా మీద వచ్చింది. అడిగినవాడు వద్దు వద్దంటున్నా వినకుండా మంచితనం కొద్దీ నెత్తిన రుద్దాను. అయితే కంగారు పడకండి. ఫైలు తెరిచి నల్ల సిరా పూసింది నేనే. కమిటీ పెద్దలు ప్రతి పేరూ, ప్రతి ప్రశ్నా, ప్రతి జవాబూ దేశ భద్రతకి ముప్పే అని గుర్తు పెట్టి ఇచ్చారు. తొమ్మిది పేజీలూ కాటుక డబ్బాలా ఉన్నాయి. మీ బావగారి పేరు సూదిమొనంత కూడా కనపడదు. మీ అక్కాబావలకి మీరు నిర్దోషి అని తెలియకపోయినా, దోషి అని మాత్రం తెలియదు. ముప్పై ఏళ్ళలో నా కుంచె ఒక మనిషికి పనికొచ్చింది.

మీరు మూడో రోజు అని రాశారు. ఆ విషయంలో నేనేమీ అనలేను. అనకూడదు కూడా.

ఇట్లు,
సూపరింటెండెంట్

తా.క.: తేదీలు, సమయాలు నిబంధనల ప్రకారం రహస్యాలు కావు. వాటి మీద పూయలేదు.

*

ఏప్రిల్ 19

సూపరింటెండెంటు గారికి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం నాకు పదిహేడో తేదీ అందింది. నేను పదిహేనునే అక్క ఇంటికి పోయాను. మీ దగ్గర్నుంచి జవాబు లేదు, కవరు ఏ క్షణాన్నైనా వచ్చి పడుతుంది. కాగితం చెప్పేలోపు నేనే చెబితే కాస్తయినా మొహం దక్కుతుందనుకున్నాను.

కిటికీ దగ్గర నిలబడి, "అక్కా, నేనే చెప్పాను" అన్నాను. చాలాసేపటికి తలుపు తీసింది. లోపల బావ ఎవరిదో మందుల షాపు బోర్డు రాస్తున్నాడు. కుంచె పక్కన పెట్టాడు. నేను కూర్చోలేదు. మీకు రాసినట్టే అంతా చెప్పాను: మూడు రోజులు నిలబెట్టడం, నిద్ర లేకపోవడం, నీళ్ళు లేకపోవడం. మీకు రాసినప్పుడు లేని రెండు చెంపదెబ్బలు కూడా కలిపాను. ఎందుకు కలిపానో అడక్కండి, చెబుతుంటే అలా వచ్చేశాయి. ఇరవై రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న కథ, నాకే నిజమనిపించేంత బాగా కుదిరింది.

బావ లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నేను గీసిన వెధవ బొమ్మకి నువ్వు ఇంత పడ్డావట్రా. నాకు తెలియక నిన్ను దూరం పెట్టాను. క్షమించరా" అన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి అయ్యా. రంగు చేతులతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను, "పోనీలే బావా" అన్నాను. అవును, పెద్దమనసు చేసుకుని నేనాయన్ని క్షమించాను.

మర్నాడు అక్క భోజనానికి పిలిచింది. మేం తింటుండగా మీ కవరొచ్చింది.

అక్క విప్పింది. మీరన్నట్టే అంతా నలుపు. "ఇదేంట్రా, చీకట్లో ఫోటో తీసినట్టుంది" అని నవ్వింది కూడా. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని అంచుల్లో ఉన్న అంకెల మీద వేలు పెట్టి చదవడం మొదలెట్టింది. "మంగళవారం, పది గంటల పది నిమిషాలకి ప్రారంభం. పదీ ముప్పై అయిదుకి ముగిసింది. బుధవారం, విచారణ లేదు. గురువారం, విచారణ లేదు." ఆగి నావైపు చూసింది. "ఒరేయ్, మూడో రోజు సాయంత్రం అన్నావు?"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. నలుపు మధ్యలో మీరు వదిలిపెట్టిన నాలుగు అంకెలు చాలు, నా బతుకంతా కనపడింది. అక్క అడిగింది ఆ రోజు సంగతే, మిగతాది నేనే చెప్పాను. ఎవరూ అడగకుండా నేను నిజం చెప్పడం అదే మొదటిసారి.

అయ్యా, నన్ను ఎవరూ కొట్టలేదు. నిలబెట్టలేదు. కుర్చీ వేశారు. "కాజా నీదే, బొమ్మ ఎవరిది?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఇంకోసారి అడిగారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు, ఆ అధికారి నన్నే చూస్తున్నాడు. ఆ చూపుకే చెప్పేశాను. ఇరవై అయిదు నిమిషాల్లో నా పేరూ, చిరునామా రాసుకోవడానికే పది పట్టింది. బావని తీసుకురావడానికీ, నన్ను వదలడానికీ సంతకం చెయ్యాల్సిన పై అధికారి సెలవులో ఉన్నాడట. ఆయన శుక్రవారం వచ్చాడు. మీరు నల్ల సిరా పూసింది దానిమీదే అయ్యుంటుంది, అది మీ సిగ్గు. నా సిగ్గు ఇంకా ఉంది, వినండి.

ఆ మూడు రోజులూ ఊరికే కూర్చోలేక కాపలావాళ్ళ చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టాను. సూదులూ దారాలూ కావాలంటే, వాళ్ళలో ఒకతను మంచివాడు, "మీ ఇంటికెళ్ళి తెస్తాను, ఇంకేమైనా చెప్పాలా మీవాళ్ళకి?" అని అడిగాడు. నేను తెల్లదారం ఉండ మర్చిపోవద్దని చెప్పమన్నాను. బావని జాగ్రత్తగా ఉండమనో, ఎటైనా పొమ్మనో మా ఆవిడకి అర్థమయ్యేలా ఒక్క మాట అనొచ్చు. ఎటూ చెప్పేశాను కదా, ఇంకా ఎందుకు ఇరుక్కోవడం అనిపించింది. తోచక కాదు, తోచింది. ఊరుకున్నాను.

ఇదంతా చెప్పేసరికి కంచంలో మెతుకులు ఎండిపోయాయి. అక్క కొంగుతో మొహం కప్పుకుంది. బావ మీ కాగితాలు తొమ్మిదీ వరసగా పేర్చి, మడిచి, కవర్లో పెట్టాడు. ఆయన గొంతు పెంచలేదు.

"పేరు చెప్పావు, సరే. నేనైనా చెప్పేవాణ్ణేమో. కానీ ఆ మూడు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నానురా. నిన్నెలా విడిపించాలా అని కనపడినవాళ్ళందరి కాళ్ళూ పట్టుకుంటూ" అన్నాడు.

నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

ఇట్లు,
దర్జీ

తా.క.: ఈ ఉత్తరం రహస్యాల బీరువాలో పెట్టకండి, ఎవరడిగినా చూపించండి. పోస్టు చేసే ముందు అక్క ఇంటి కిటికీ దగ్గర నిలబడి చదివి వినిపించాను. అంతా విని, "ఆ చెంపదెబ్బల సంగతి కూడా రాశావా?" అని అడిగింది. రాశానన్నాను. తలుపు తియ్యలేదు గానీ, కిటికీ ముయ్యలేదు.